బాల న్యాయ గృహాలలో మత్తుపదార్థాల కౌన్సెలింగ్ పర్యవేక్షణ

చట్టంతో ఘర్షణపడి పరిశీలక గృహాలలో గాని, ప్రత్యేక గృహాలలో గాని ఉంటున్న బాలలకు మత్తుపదార్థాల వ్యసనం నుండి బయటపడేందుకు కౌన్సెలర్లు సహాయం చేస్తారు. ఆ కౌన్సెలర్ల పనిని, వారికంటే శిక్షణ, అనుభవం ఎక్కువగా ఉన్న మరొక నిపుణుడు క్రమం తప్పకుండా సమీక్షించి, సరిదిద్ది, వారికి అండగా నిలిచే ఏర్పాటును మత్తుపదార్థాల కౌన్సెలింగ్ పర్యవేక్షణ అంటారు. బాలుని క్షేమాన్ని కాపాడడం దీని మొదటి ఉద్దేశం. కౌన్సెలర్ నైపుణ్యాన్ని పెంచడం రెండవది.

బయట పనిచేసే కౌన్సెలర్ వద్దకు వ్యక్తి తన ఇష్టంతో వస్తాడు. గృహంలోని బాలుడు అలా రాడు. అతనిని అక్కడికి పంపినది న్యాయ మండలి, బయటకు పంపవలసినదీ ఆ మండలే. అందువలన కౌన్సెలర్ ఒకే సమయంలో బాలునికి నమ్మకస్తుడుగాను, మండలికి నివేదిక ఇచ్చే ఉద్యోగిగాను ఉండవలసి వస్తుంది. ఈ రెండు బాధ్యతల నడుమ బాలుడు నష్టపోకుండా చూడడమే ఇక్కడి పర్యవేక్షణకు ఉన్న ప్రత్యేకత. ఈ వ్యాసం ముఖ్యంగా భారతదేశంలోని పరిస్థితిని వివరిస్తుంది.

నేపథ్యం

భారతదేశంలో 18 సంవత్సరాలు నిండకముందు నేరం చేసినట్లు ఆరోపణకు గురైన, లేదా చేసినట్లు తేలిన వారిని "చట్టంతో ఘర్షణపడిన బాలలు" అని చట్టం వ్యవహరిస్తుంది. "బాల నేరస్థుడు" అనే మాటను నేడు ఉపయోగించరు. వీరిలో కొందరు గృహానికి వచ్చేసరికే ఏదో ఒక మత్తుకు అలవాటు పడి ఉంటారు. మత్తు కొనుక్కోవడానికి దొంగతనం చేసినవారు, మత్తులో ఉండి కొట్లాటకు దిగినవారు, సరుకు చేరవేయడానికి పెద్దలు వాడుకున్నవారు ఇందులో ఉంటారు. సరుకు మోసిన బాలుడు ఒక కేసులో నిందితుడైనప్పటికీ, అతనిని ఆ పనికి వాడుకోవడం కూడా వేరొక నేరమే. కనుక అతడు నిందితుడు, బాధితుడు రెండూ కావచ్చు.

బాలలలో మత్తుపదార్థాల వాడకంపై బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో భారత సర్వోన్నత న్యాయస్థానం 2016 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. జాతీయ స్థాయి సర్వే జరపాలనీ, కార్యాచరణ ప్రణాళిక తయారుచేయాలనీ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన జాతీయ వ్యసన చికిత్సా కేంద్రం జరిపిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో వెలువడింది. పీల్చే మత్తుపదార్థాల విషయంలో మాత్రమే పెద్దలలో కంటే బాలలలో వాడకం శాతం ఎక్కువగా ఉన్నదని ఆ నివేదిక తెలిపింది. వీటి వాడకం వలన సహాయం అవసరమైన బాలలు దేశంలో సుమారు 4.6 లక్షల మంది ఉంటారని అంచనా వేసింది.

తెలుగు రాష్ట్రాలలో గృహాలకు వచ్చే బాలల విషయంలో కౌన్సెలర్లకు తెలిసి ఉండవలసిన పదార్థాలు ఇవి:

* వైట్‌నర్, పంక్చర్ అతికించే సొల్యూషన్, పెయింటు థిన్నర్ వంటి పీల్చే పదార్థాలు. ఇవి చవకగా, ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. రైల్వేస్టేషన్లలో, వీధులలో బతికే బాలలలో ఈ అలవాటు కనిపిస్తుంది.
* గంజాయి. ఆంధ్ర-ఒడిషా సరిహద్దులోని ఏజెన్సీ ప్రాంతం దీని అక్రమ సాగుకు, రవాణాకు చాలాకాలంగా పేరుపడింది.
* కల్తీ కల్లు. తెలంగాణలోని కొన్ని ప్రాంతాలలో కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలుపుతారు. 2015లో నిజామాబాదు తదితర జిల్లాలలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, అది అందక చాలామంది మూర్ఛలతో, మతిభ్రమణ లక్షణాలతో ఆసుపత్రులలో చేరారు.
* మద్యం, బీడీ, సిగరెట్టు, గుట్కా.
* నొప్పి నివారణకు, నిద్రకు ఇచ్చే మాత్రలు, సూదిమందులు.

చట్టపరమైన ఆధారాలు

నేటి ఆంధ్ర ప్రాంతం భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లోనే మద్రాసు బాలల చట్టం వచ్చింది. దేశంలో ఈ తరహా చట్టాలలో ఇదే మొదటిది. స్వాతంత్ర్యానంతరం దేశమంతటికీ కలిపి 1986లో ఒక చట్టం, 2000లో మరొక చట్టం వచ్చాయి. ప్రస్తుతం అమలులో ఉన్నది బాలల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టం, 2015. ఇది 2016 జనవరి 15 నుండి అమలులోకి వచ్చింది. దీనికి అనుబంధంగా కేంద్ర ప్రభుత్వం 2016లో నమూనా నియమాలను ప్రకటించింది.

ఈ చట్టంలో మత్తుపదార్థాల కౌన్సెలింగుకు సంబంధించిన ముఖ్యమైన సెక్షన్లు:

* సెక్షన్ 3 - బాలుని శ్రేయస్సు, గౌరవం, గోప్యత మొదలైన మూల సూత్రాలు. గృహంలో ఉంచడం చివరి మార్గంగా మాత్రమే ఉండాలన్నది వీటిలో ఒకటి.
* సెక్షన్ 18 - నేరం రుజువైనప్పుడు మండలి ఇవ్వగల ఆదేశాలు. బృంద కౌన్సెలింగుకు పంపడం, వ్యసన విముక్తి కార్యక్రమంలో చేర్చడం ఇందులో ఉన్నాయి.
* సెక్షన్ 53 - గృహాలు తప్పనిసరిగా అందించవలసిన సేవలు. బాలుని అవసరానికి తగిన కౌన్సెలింగ్, వ్యసన చికిత్సకు సిఫారసు, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఇందులోనివి.
* సెక్షన్ 54 - తనిఖీ సంఘాలు. ఇవి కనీసం మూడు నెలలకు ఒకసారి ప్రతి గృహాన్ని సందర్శించాలి. బృందంలో కనీసం ముగ్గురు ఉండాలి. వారిలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి.
* సెక్షన్ 77, 78 - బాలలకు మద్యం, మత్తుపదార్థాలు ఇచ్చేవారికి, వాటి అమ్మకానికి, రవాణాకు బాలలను వాడుకునేవారికి శిక్షలు. రెండింటికీ ఏడు సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.
* సెక్షన్ 93 - వ్యసనానికి లోనైన బాలుని చికిత్సా కేంద్రానికి మార్చే అధికారం. ఆసుపత్రిలో ఉంచి చికిత్స చేయడానికి అవసరమైనంత కాలమే ఈ మార్పు ఉండాలి.
* సెక్షన్ 99 - బాలుని గురించి మండలి పరిశీలించిన నివేదికలన్నీ గోప్యంగా ఉండాలి.

మత్తుపదార్థాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యం అనే నిర్వచనంలో చేర్చింది. ఆ చట్టంలోని సెక్షన్ 23 చికిత్స పొందుతున్న వ్యక్తికి గోప్యతా హక్కును ఇస్తుంది.

అంతర్జాతీయంగా చూస్తే, బాలలను మత్తుపదార్థాల నుండి కాపాడాలని బాలల హక్కుల ఒడంబడిక 33వ అధికరణం చెబుతుంది. భారతదేశం ఈ ఒడంబడికను 1992లో అంగీకరించింది. స్వేచ్ఛ కోల్పోయిన బాలల రక్షణకై ఐక్యరాజ్య సమితి 1990లో ఆమోదించిన నియమాలలో 54వది మరింత సూటిగా ఉంటుంది. బాలల గృహాలలో మత్తుపదార్థాల నివారణ, పునరావాస కార్యక్రమాలు ఉండాలనీ, వాటిని అర్హత గల సిబ్బందే నడపాలనీ అది నిర్దేశిస్తుంది.

గృహాలు, సిబ్బంది

విచారణ జరుగుతున్న కాలంలో బాలుడు ఉండేది పరిశీలక గృహం. దీనిని వాడుకలో అబ్జర్వేషన్ హోం అంటారు. హైదరాబాదులోని సైదాబాదులో ఇటువంటి ప్రభుత్వ గృహం ఉంది. నేరం రుజువైన తరువాత మండలి ఆదేశంపై ఉండేది ప్రత్యేక గృహం. ఇక్కడ గరిష్ఠంగా మూడు సంవత్సరాలు ఉంచవచ్చు. ఘోరమైన నేరాల ఆరోపణ ఉన్న 16-18 సంవత్సరాల వారిని భద్రతా స్థలం అనే మూడవ రకం సంస్థలో ఉంచుతారు.

ఈ తేడా కౌన్సెలింగుకు చాలా ముఖ్యం. పరిశీలక గృహంలో బాలుడు కొద్ది రోజులలోనే జామీనుపై వెళ్ళిపోవచ్చు. అక్కడ దీర్ఘకాలిక చికిత్సా ప్రణాళిక వేస్తే అది మధ్యలోనే ఆగిపోతుంది. కనుక ప్రమాదాన్ని గుర్తించడం, బయట చికిత్స దొరికే చోటుతో కలపడం అక్కడి ముఖ్యమైన పనులు. ప్రత్యేక గృహంలో నెలల తరబడి పనిచేసే వీలుంటుంది. ఏ గృహంలో ఏ లక్ష్యం పెట్టుకోవాలో కౌన్సెలర్‌తో కలిసి నిర్ణయించడం పర్యవేక్షకుని తొలి పని.

గృహానికి అధిపతి సూపరింటెండెంటు. బాలుని కుటుంబ, సామాజిక పరిస్థితులను పరిశీలించి రెండు వారాలలో మండలికి నివేదిక ఇచ్చేది ప్రొబేషన్ అధికారి. బాలలతో రోజంతా గడిపేది గృహ సంరక్షకులు, కాపలా సిబ్బంది. వైద్యుడు పిలిచినప్పుడో, నిర్ణీత సమయాలలోనో వస్తాడు. వీరి మధ్య కౌన్సెలర్ సాధారణంగా ఒంటరి. తన వృత్తి తెలిసిన మరొక మనిషి ఆ గృహంలో ఉండడం అరుదు. పర్యవేక్షకుడు బయటి నుండి రావలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడుతుంది. మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, మానసిక వైద్య సామాజిక కార్యకర్త, వ్యసన చికిత్సలో దీర్ఘానుభవం గల సీనియర్ కౌన్సెలర్ - వీరిలో ఎవరైనా ఈ బాధ్యత చేపట్టవచ్చు.

తనిఖీ, అజమాయిషీ, పర్యవేక్షణ

తెలుగులో పర్యవేక్షణ అనే మాటను తనిఖీకి, అజమాయిషీకి కూడా వాడుతుంటారు. కౌన్సెలింగ్ రంగంలో ఈ మూడూ వేరువేరు.

* తనిఖీ: బయటి సంఘం వచ్చి గృహం నియమాలను పాటిస్తున్నదా అని చూస్తుంది. కౌన్సెలర్ ఉన్నాడా, రిజిస్టరు నింపుతున్నాడా అన్నది దీనికి తెలుస్తుంది. గదిలో కౌన్సెలర్ బాలునితో ఏమి మాట్లాడాడో, ఎలా మాట్లాడాడో తెలియదు.
* అజమాయిషీ: సూపరింటెండెంటు హాజరు, సెలవులు, పని గంటలు, క్రమశిక్షణ చూస్తాడు.
* వృత్తి పర్యవేక్షణ: ఒక్కొక్క బాలునితో జరుగుతున్న చికిత్స నాణ్యతను చూస్తుంది.

అమెరికాకు చెందిన సామాజిక సేవా ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ కడుషిన్ పర్యవేక్షణకు మూడు విధులు ఉన్నాయని 1976లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. అవి పరిపాలన, బోధన, ఆసరా. బ్రిటన్‌కు చెందిన బ్రిజిడ్ ప్రాక్టర్ కూడా ఇటువంటి విభజననే చేసింది. ప్రమాణాలను నిలపడం, నైపుణ్యాన్ని తీర్చిదిద్దడం, అలసిన మనసుకు ఊరట కలిగించడం అన్నవి ఆమె చెప్పిన మూడు విధులు.

అజమాయిషీ చేసే అధికారే వృత్తి పర్యవేక్షకుడైతే ఒక చిక్కు వస్తుంది. తన ఉద్యోగాన్ని కొనసాగించే అధికారం ఉన్న వ్యక్తి ఎదుట కౌన్సెలర్ తన తప్పులను, సందేహాలను దాచిపెడతాడు. దాచిన తప్పు సరికాదు, దాని ఫలితం బాలునిపై పడుతుంది. అందువలన వీలైనంతవరకు ఈ రెండు బాధ్యతలను వేరువేరు వ్యక్తులకు అప్పగించడం మంచిదని భావిస్తారు.

పర్యవేక్షణ జరిగే విధానం

వారానికి గాని, పక్షానికి గాని ఒకసారి, సుమారు గంటసేపు పర్యవేక్షకుడు, కౌన్సెలర్ కూర్చుని మాట్లాడుకోవడం సాధారణ పద్ధతి. అత్యవసర పరిస్థితిలో వెంటనే ఫోనుపై సంప్రదించే ఏర్పాటు కూడా ఉండాలి. సమావేశంలో ఉపయోగించే పద్ధతులు:

* కేసు చర్చ: ఒకరిద్దరు బాలుల విషయాన్ని లోతుగా చర్చించడం. ఏ కేసు చర్చించాలో ప్రతిసారీ కౌన్సెలరే ఎంచుకుంటే కష్టమైనవి మరుగున పడతాయి. కనుక కొన్నింటిని పర్యవేక్షకుడు ఎంచుకుంటాడు.
* నమోదుల పరిశీలన: కౌన్సెలింగ్ నోట్సు, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, మండలికి పంపబోయే నివేదికల ప్రతులను చదవడం.
* ప్రత్యక్ష పరిశీలన: బాలుని అనుమతితో కౌన్సెలింగ్ జరుగుతుండగా కూర్చుని గమనించడం. తాను ఎలా మాట్లాడానని కౌన్సెలర్ అనుకుంటాడో, నిజంగా ఎలా మాట్లాడాడో రెండింటికీ తేడా ఉండవచ్చు.
* అభినయం: పర్యవేక్షకుడు బాలుని పాత్ర వహించగా, కౌన్సెలర్ తన సంభాషణను అభ్యసించడం.
* బృంద పర్యవేక్షణ: నాలుగైదు గృహాల కౌన్సెలర్లు ఒకచోట గాని, వీడియో ద్వారా గాని కలిసి చర్చించుకోవడం.

బాలుని గుర్తింపు బయటపడే ప్రచురణను చట్టంలోని సెక్షన్ 74 నిషేధిస్తుంది. కాబట్టి బృంద చర్చలలో పేరు, ఊరు, కేసు వివరాలు వాడరు. సంభాషణలను రికార్డు చేయవలసి వస్తే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకుని, సమీక్ష కాగానే చెరిపివేస్తారు.

పర్యవేక్షకుడు గమనించే ముఖ్యాంశాలు

మొదటి రోజులు

గృహంలో చేరిన మొదటి రెండు వారాలు అన్నిటికంటే ప్రమాదకరమైనవి. మద్యం, నిద్రమందులు, కల్తీ కల్లు వాడుతూ ఒక్కసారిగా మానిన వారికి మూర్ఛలు రావచ్చు. ఇవి ప్రాణాపాయం. నల్లమందు జాతి పదార్థాలు మానినవారికి ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనాలు వస్తాయి. గంజాయి మానినవారిలో నిద్రలేమి, చిరాకు, ఆకలి మందగించడం కనిపిస్తాయి. ఈ లక్షణాలను తెలియని సిబ్బంది దొంగ జబ్బుగానో, పొగరుగానో భావించి బాలుని దండించే ప్రమాదం ఉంది. ఎప్పుడు మాటలు ఆపి వైద్యుని పిలవాలో కౌన్సెలర్‌కు తెలుసా అన్నది పర్యవేక్షకుడు మొదట రూఢి చేసుకుంటాడు. స్వేచ్ఛ కోల్పోయిన తొలి రోజులలో ఆత్మహత్యా ఆలోచనలు కలిగే అవకాశం కూడా ఉన్నందున దానినీ తప్పక విచారించాలి.

అంచనా

ఒకసారి సిగరెట్టు తాగిన బాలునికి, మూడేళ్ళుగా రోజూ సొల్యూషన్ పీలుస్తున్న బాలునికి ఒకే కౌన్సెలింగ్ సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అసిస్ట్, కిశోరవయస్కుల కోసం తయారైన క్రాఫ్ట్ వంటి ప్రశ్నావళులు వాడకం తీవ్రతను తెలుసుకోవడానికి ఉపకరిస్తాయి. అయితే ప్రశ్నలను కాగితం చూసి చదివి గళ్ళు నింపితే నిజం బయటకు రాదు. తన జవాబు న్యాయమూర్తికి చేరుతుందని భయపడే బాలుడు "అలవాటు లేదు" అనే చెబుతాడు. త్వరగా విడుదల కావచ్చునని ఆశించే బాలుడు లేని అలవాటును కూడా చెప్పవచ్చు. జవాబు వెనుక ఉన్న కారణాన్ని చదవడం పర్యవేక్షణలో నేర్పవలసిన నైపుణ్యం.

సంభాషణ తీరు

కొత్త కౌన్సెలర్లు ఎక్కువగా చేసే పొరపాటు హితబోధ. "మత్తు చెడ్డది, మానేయి, మీ అమ్మ ఎంత బాధపడుతున్నదో చూడు" అని చెబితే బాలుడు తల ఊపుతాడు, లేదా తన అలవాటును సమర్థించుకుంటాడు. ఏ విధంగానూ మార్పు రాదు. దీనికి భిన్నమైన ప్రేరణాత్మక సంభాషణ అనే పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించాడు. తరువాత బ్రిటన్‌కు చెందిన స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దానిని విస్తరించాడు. మారడానికి కారణాలను కౌన్సెలర్ చెప్పకుండా, బాలుని నోటి నుండే రప్పించడం దీని సారాంశం. పర్యవేక్షకుడు ఒక సంభాషణను విని, అందులో కౌన్సెలర్ ఎంతసేపు మాట్లాడాడు, బాలుడు ఎంతసేపు మాట్లాడాడు, అవునూ కాదూ అని తేల్చే ప్రశ్నలు ఎన్ని, వివరంగా చెప్పనిచ్చే ప్రశ్నలు ఎన్ని అని లెక్కపెట్టి చూపడం ఒక సులభమైన శిక్షణా పద్ధతి.

బృంద కౌన్సెలింగ్

సిబ్బంది తక్కువ కావడం వలన గృహాలలో బృంద కౌన్సెలింగ్‌పై ఆధారపడతారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. అమెరికాకు చెందిన థామస్ డిషియన్, అతని సహచరులు 1999లో ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో, ఇబ్బందికర ప్రవర్తన గల కిశోరబాలలను ఒకచోట చేర్చి నడిపే కార్యక్రమాలు కొన్ని సందర్భాలలో ఆ ప్రవర్తనను పెంచగలవని చూపారు. మత్తు కథలు చెప్పినవాడికి తోటివారి నవ్వులు, మెప్పు దొరకడం ఇందుకు ఒక కారణం. కనుక బృందంలో ఎవరెవరు ఉన్నారు, చిన్నవారిని పెద్దవారితో కలిపారా, ఏ మాటకు నవ్వు వచ్చింది, కౌన్సెలర్ సంభాషణను ఎలా మళ్ళించాడు అన్న విషయాలను పర్యవేక్షకుడు పరిశీలిస్తాడు.

బాలికల విషయం

బాలికల గృహాలలో వ్యసనంతో పాటు లైంగిక దోపిడీ, ఇంటి హింస చరిత్ర ఉన్నదేమో జాగ్రత్తగా తెలుసుకోవాలి. మత్తు అలవాటు చేసినవాడే దోపిడీ చేసినవాడు కూడా అయి ఉండవచ్చు. వీరికి మహిళా కౌన్సెలర్, వీలైతే మహిళా పర్యవేక్షకురాలు ఉండడం అవసరం. ఇటువంటి చరిత్ర బాలురలో కూడా ఉండవచ్చుననీ, వారు దానిని మరింత దాచిపెడతారనీ కౌన్సెలర్ మరువరాదు.

విడుదల

గృహంలో మత్తు దొరకకపోవడం వలన మానడం, బయటకు వెళ్ళిన తరువాత మానడం ఒకటి కాదు. నల్లమందు జాతి పదార్థాలు వాడినవారు కొన్ని నెలలు మానితే శరీరపు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. విడుదలయ్యాక పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగి మరణించవచ్చు. ఈ విషయాన్ని బాలునికి, తల్లిదండ్రులకు చెప్పారా అని పర్యవేక్షకుడు ప్రతి కేసులోను అడగాలి. బాలుడు ఏ వీధికి, ఏ స్నేహితుల మధ్యకు వెళుతున్నాడు, చదువో పనో దొరికిందా, దగ్గరలోని వ్యసన చికిత్సా కేంద్రం ఏది, ప్రొబేషన్ అధికారి ఎప్పుడు కలుస్తాడు అన్న వివరాలు విడుదల ప్రణాళికలో ఉండాలి. మత్తుపదార్థాల సమస్యలకు జాతీయ సహాయవాణి సంఖ్య 14446, బాలల సహాయవాణి సంఖ్య 1098.

గోప్యత

ఈ రంగంలో పర్యవేక్షణకు అతిపెద్ద పరీక్ష గోప్యత. బాలుడు కౌన్సెలర్‌తో చెప్పిన మాటలను తెలుసుకోవాలని చాలామందికి ఉంటుంది. గంజాయి ఎవరు ఇచ్చారో పోలీసులకు కావాలి. లోపలికి బీడీలు ఎలా వస్తున్నాయో సూపరింటెండెంటుకు కావాలి. బాలుడు మారాడా లేదా అన్నది మండలికి కావాలి. కొడుకు ఇంకా ఏమేమి చేశాడో తల్లిదండ్రులకు కావాలి.

అన్నీ దాచడం కూడా కుదరదు. బాలుడు తనకు తాను హాని చేసుకునే ప్రమాదం, మరొకరికి హాని కలిగించే ప్రమాదం ఉన్నప్పుడు గోప్యతకు మినహాయింపు ఉంటుంది. లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం, 2012లోని సెక్షన్ 19 ప్రకారం అటువంటి నేరం జరిగినట్లు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోవడం శిక్షార్హం. ఈ హద్దులను మొదటి సమావేశంలోనే, బాలునికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. చెప్పకుండా మాట్లాడించి, తరువాత బయటపెట్టడం నమ్మకద్రోహమే అవుతుంది.

మండలికి పంపే నివేదికలో ఏమి రాయాలన్నది మరొక ప్రశ్న. బాలుడు ఎన్నిసార్లు హాజరయ్యాడు, ఎలా పాల్గొంటున్నాడు, ఇంకా ఏ సహాయం అవసరం అన్నవి రాయవచ్చు. అతడు నమ్మి చెప్పిన ఇతర నేరాలు, స్నేహితుల పేర్లు, కుటుంబ రహస్యాలు నివేదికలో చేరితే చికిత్స దర్యాప్తుగా మారిపోతుంది. ఆ వార్త గృహంలో ఒక్క రోజులో పాకుతుంది, తరువాత ఏ బాలుడూ నోరు విప్పడు. అందుచేత బయటకు వెళ్ళే ప్రతి నివేదికను పర్యవేక్షకుడు ముందుగా చదవడం మంచి ఆచారం.

ఘోరమైన నేరాల ఆరోపణ ఉన్న 16 సంవత్సరాలు నిండిన బాలుని పెద్దవానిగా విచారించాలా అన్నది తేల్చడానికి చట్టంలోని సెక్షన్ 15 ప్రాథమిక అంచనాను నిర్దేశించింది. దీనికి మండలి మనస్తత్వవేత్తల సహాయం తీసుకోవచ్చు. ఈ అంచనా బాలుని భవిష్యత్తును నిర్ణయిస్తుంది. చికిత్స చేస్తున్న కౌన్సెలర్‌కే ఈ పని అప్పగిస్తే, సహాయం కోసం బాలుడు చెప్పిన మాటలు అతనికే ఎదురుతిరుగుతాయి. ఈ రెండు పాత్రలూ ఒకే వ్యక్తికి అప్పగించకుండా చూడమని కౌన్సెలర్ తరఫున అడగవలసినది పర్యవేక్షకుడే.

ఒక ఊహాజనిత ఉదాహరణ

పదహారేళ్ళ బాలుడు సెల్‌ఫోన్ దొంగతనం కేసులో పరిశీలక గృహానికి వచ్చాడనుకుందాం. మూడేళ్ళుగా వైట్‌నర్ పీలుస్తున్నాడు. నాలుగవ సమావేశంలో, వయసులో పెద్దవాడైన మరొక బాలుడు రాత్రిళ్ళు గోడ దాటించి గంజాయి తెప్పిస్తున్నాడనీ, తనను కూడా తీసుకోమని బలవంతం చేస్తున్నాడనీ చెబుతాడు. ఎవరికీ చెప్పవద్దని బతిమాలతాడు.

కౌన్సెలర్ మౌనంగా ఉంటే బాలుడు మళ్ళీ మత్తుకు లోనవుతాడు, ఇతరులకూ ప్రమాదం. వెంటనే వెళ్ళి సూపరింటెండెంటుకు పేర్లు చెబితే, ఆ రాత్రే బాలునిపై దాడి జరగవచ్చు. ఇటువంటి సందర్భంలో పర్యవేక్షకుడు ఆజ్ఞ ఇవ్వడానికి ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. ఈ రాత్రికి బాలునికి ప్రమాదం ఉందా? గోప్యతకు హద్దులు ఉన్నాయని అతనికి ముందే చెప్పారా? ఎవరు చెప్పారో తెలియకుండా సమస్యను సరిచేసే మార్గం ఉందా? తరువాతి అడుగు వేసే ముందు బాలునితో మాట్లాడారా?

ఆ చర్చ నుండి ఒక మార్గం తేలుతుంది. కౌన్సెలర్ బాలునితో మళ్ళీ మాట్లాడి, ఏ మేరకు చెప్పవలసి ఉంటుందో వివరిస్తాడు. నిద్రించే గదులను వయసుల వారీగా మార్చాలనీ, గోడ వైపు కాపలా పెంచాలనీ గృహమంతటికీ వర్తించే సూచనను సూపరింటెండెంటుకు ఇస్తారు. బలవంతపెడుతున్న బాలునికి కూడా చికిత్స అవసరమని గుర్తిస్తారు. చర్చ సారాంశాన్ని పర్యవేక్షకుడు తేదీతో నమోదు చేస్తాడు. నిర్ణయం భారం ఒంటరిగా కౌన్సెలర్‌పై పడకపోవడం ఇక్కడి లాభం.

కౌన్సెలర్ల మానసిక ఒత్తిడి

వ్యసనంలో తిరగబెట్టడం సహజం. ఆరు నెలలు శ్రమించి పంపిన బాలుడు మరలా అదే గృహానికి తిరిగివస్తే కౌన్సెలర్ తానే విఫలమయ్యానని భావించవచ్చు. హింస, అనాథత్వం, అత్యాచారం గురించిన కథలను రోజూ వినడం మనసును మొద్దుబారుస్తుంది. "వీళ్ళు మారరు" అనే మాట కౌన్సెలర్ నోటి నుండి తరచుగా వస్తున్నదంటే అది అలసటకు గుర్తు. బాలునిపై అతిగా జాలిపడి నియమాలను సడలించడం, అతని కుటుంబ వ్యవహారాలలో సొంతంగా తలదూర్చడం కూడా ఇటువంటి గుర్తులే. వీటిని నిందించకుండా ఎత్తిచూపి, పనిభారం తగ్గించే మార్గాలు వెదకడం పర్యవేక్షణలో ఆసరా అనే భాగం.

సమస్యలు

* తనిఖీకి ఉన్నంత స్పష్టమైన నిబంధన వృత్తి పర్యవేక్షణకు చట్టంలో లేదు. కౌన్సెలింగ్ ఉండాలని చట్టం చెబుతుంది కాని కౌన్సెలర్‌కు ఎవరు మార్గదర్శనం చేయాలో వివరించదు.
* చాలామంది కౌన్సెలర్లు ఒప్పంద పద్ధతిపై పనిచేస్తారు. వారు మారిపోయినప్పుడు బాలుడు తన కథను మొదటి నుండి చెప్పుకోవలసి వస్తుంది.
* కిశోరవయస్కుల వ్యసన చికిత్సలో ప్రత్యేక శిక్షణ గల నిపుణులు నగరాలకే పరిమితం. వ్యసన చికిత్సా కేంద్రాలు ఎక్కువగా పెద్దలను ఉద్దేశించి ఏర్పడినవి.
* విడిగా మాట్లాడుకునే గది లేని చోట సూపరింటెండెంటు గదిలోనో, వరండాలోనో కౌన్సెలింగ్ జరుగుతుంది. అక్కడ గోప్యతకు అర్థం ఉండదు.

దూరంగా ఉన్న గృహాలకు వీడియో ద్వారా పర్యవేక్షణ అందించడం ఒక పరిష్కారం. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థలో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ సహకారంతో 2020లో సంవాద్ అనే జాతీయ కార్యక్రమం ఏర్పడింది. ఇది బాలల సంరక్షణలో పనిచేసే సిబ్బందికి మానసిక ఆరోగ్య విషయాలలో శిక్షణ ఇస్తున్నది.

ఇతర దేశాలలో

అమెరికాలో బాల న్యాయస్థానాలలో బాలలకు న్యాయవాది సహాయం, తమకు వ్యతిరేకంగా తాము సాక్ష్యం చెప్పకుండా ఉండే హక్కు ఉన్నాయని 1967లో గాల్ట్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వ్యసన చికిత్స నమోదుల గోప్యతకు అక్కడ 1970వ దశకం నుండి ప్రత్యేక సమాఖ్య నియమాలు ఉన్నాయి. వ్యసన కౌన్సెలర్ల పర్యవేక్షణపై ఆ దేశ ప్రభుత్వ సంస్థ సామ్సా 2009లో ఒక సమగ్ర మార్గదర్శిని ప్రచురించింది. కౌన్సెలింగ్‌ను నేరుగా గమనించడం పర్యవేక్షణలో తప్పనిసరి భాగం కావాలని అది నొక్కి చెబుతుంది.

ఇవి కూడా చూడండి

* బాలల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టం, 2015
* బాలల హక్కుల ఒడంబడిక
* మత్తుపదార్థాల వ్యసనం
* మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017
* లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం, 2012
* నిమ్హాన్స్